లక్క ముద్ర వేసిన కుర్చీ

మా ఊళ్ళో ఒకప్పుడు ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళందరూ ఎడమ పక్కకు ఒరిగి నడిచేవారు. వాళ్ళను నిటారుగా నిలబెట్టింది మా వదిన. అదీ, ప్రభుత్వం వారి కుర్చీ ఒకటి దొంగిలించి.

అందరూ అంటే మరీ అందరూ కాదు లెండి. బడి ఎగ్గొట్టినవాళ్ళు తిన్నగానే నడిచేవారు. దొంగతనం అన్నది కూడా కాస్త పెద్ద మాటే. ఆవిడ ఆ కుర్చీని పట్టపగలు, ఆఫీసంతా చూస్తుండగా, తోపుడు బండి మీద వేసుకుని, రసీదు ఇచ్చి మరీ తీసుకెళ్ళింది. కుర్చీ సంగతి మాత్రం నిజం. నేను చదివిన కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవారు. అందుకని కథ చెప్పేటప్పుడు చేతులు వెనక్కి దాచుకోవడం చిన్నప్పుడే అలవాటైంది. ఇప్పుడు రాయాలంటే ఒక చెయ్యైనా బల్ల మీద పెట్టక తప్పదు కాబట్టి, చదివేవాళ్ళు నన్ను సగమైనా నమ్మవచ్చు.

వదిన అంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య ప్రభుత్వ బడిలో డ్రాయింగు మాస్టారు. వదిన బడులకు సామాన్లు కొనే ఆఫీసులో పనిచేసేది. బల్లలు, కుర్చీలు, గంటలు, తాళాలు, ఏది కొనాలన్నా ముందు ఆ వస్తువు ఎలా ఉండాలో ఒక కాగితం మీద రాయాలి. ఆ కాగితం చూసుకునే ఊళ్ళోని తయారీదార్లు టెండర్లు వేస్తారు. ఆ కాగితం రాసే సెక్షనుకు వదిన పెద్ద. ఆవిడ చేతిసంచిలో దువ్వెన లేని రోజు ఉందేమో గానీ టేపు లేని రోజు లేదు. ఆఫీసులో ఆవిడను టేపమ్మ అనేవారు. ఎదురుగా కాదు. ఎదురుగా అనే ధైర్యం ఉన్నవాళ్ళను ఆ ఆఫీసు ఉద్యోగంలోకి తీసుకోలేదు.

ఆవిడ పనిచేసే తీరు ఎలాంటిదో చెప్పడానికి ఒక్క గొడుగు సంగతి చాలు. పెళ్ళయిన కొత్తలో అన్నయ్య గొడుగు కొనుక్కుంటానన్నాడు.

"నల్లది, వంకీ పిడిది. బజారు మూల కొట్లో వేలాడుతూ ఉంటుందే, అలాంటిది," అన్నాడు.

"ఏమండీ, ఆ గొడుగుతో మీకేం పని?" అంది వదిన.

"గొడుగుతో ఏం పనేమిటే? వానకి!"

"మిమ్మల్ని, మీ బొమ్మల అట్టల్ని బస్సు దాకా తడవకుండా చేర్చాలి. గాలికి తిరగబడకూడదు. ఒక చెయ్యి మీకు ఖాళీగా ఉండాలి. ఈ మూడూ చెప్పండి కొట్లో. నలుపో తెలుపో, వంకీయో తిన్ననో వాళ్ళు చూసుకుంటారు."

అన్నయ్య ఆ మూడూ చెప్పి, వానకోటు కొనుక్కుని వచ్చాడు. ఆ ఇంట్లో మళ్ళీ గొడుగు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక ఆఫీసుకు వద్దాం. ఆ ఆఫీసులో నమూనాల గది అని ఒకటి ఉండేది. ఒకసారి మంచిదని ఒప్పుకున్న వస్తువు ఒకదాన్ని అక్కడ పెట్టి, దారం కట్టి, దారం మీద లక్క ముద్ర వేస్తారు. చుట్టూ తాడు. ముట్టుకోకూడదు. చూడాలంటే ముందు వైపు నుంచి చూడొచ్చు. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆ వస్తువు కొన్నా, కాగితంలో ఒకే మాట రాసేవారు: నమూనాకు అచ్చంగా సరిపోవాలి.

బడి కుర్చీకి కూడా అలాంటి నమూనా ఉండేది. కుడి చేతి దగ్గర రాసుకోవడానికి చిన్న పలక బిగించిన కుర్చీ. అది పుట్టినప్పుడు బంగారంలాంటి కుర్చీయే. ఒకనాడు ఒక పెద్ద అధికారి పదవీ విరమణ జరిగింది. ఆయన ఎంత భారీ మనిషంటే, ఆయన వస్తున్నాడని తెలిస్తే లిఫ్టు ఆ రోజు సెలవు పెట్టేది. అందరూ కలిసి ఫొటో దిగుతుంటే కుర్చీ ఒకటి తక్కువైంది. ఎవడో బుద్ధిమంతుడు నమూనాల గదిలోంచి దీన్ని పట్టుకొచ్చాడు. ఆయన కూర్చున్నాడు, నవ్వాడు, ఫొటో వచ్చింది, కుర్చీ వెనక ఎడమ కాలు బొటనవేలంత వంగింది. ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. కుర్చీని తీసుకెళ్ళి ఎప్పటిలా ముందు వైపు కనిపించేలా పెట్టేశారు.

తర్వాత ఇంకో బుద్ధిమంతుడికి ఆలోచన వచ్చింది: వచ్చిన ప్రతి కుర్చీనీ కంటితో పోల్చడం ఎందుకు, నమూనా కొలతకు ఒక చెక్క చట్రం చేయిస్తే పోలా? వడ్రంగిని పిలిచి చేయించారు. ఆయన నిజాయితీపరుడు. ఉన్నది ఉన్నట్టు, వంకరతో సహా చేసిపెట్టాడు. అప్పట్నుంచి వచ్చిన కుర్చీ ఆ చట్రంలో ఇమిడితే పాసు, ఇమడకపోతే వాపసు.

తిన్నటి కుర్చీ ఏదీ ఇమడలేదు.

కుర్చీలు చేయించే షావుకారు ఒకాయన మాత్రం తన కుర్చీలు వాపసు వచ్చాక రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి, ఎడమ కాలు కాస్త వంచి పంపాడు. అది చట్రంలోకి పాదం చెప్పులోకి దూరినట్టు దూరింది. ఇక అప్పట్నుంచి బడి కుర్చీలన్నీ ఆయనవే. కాగితంలో ఎక్కడా వంకర సంగతి ఉండదు. చట్రం మాత్రం వంకరే అడుగుతుంది. అడిగేది ఒకటి, కొలిచేది ఒకటి.

పిల్లల సంగతి అడగకండి. పలక మీద పెన్సిలు పెడితే దొర్లి కింద పడేది. అందుకని ఆలోచించేటప్పుడు అందరూ పెన్సిలు పళ్ళ మధ్య పట్టుకునేవారు. మొత్తం తరగతి ఎడమకు ఒరిగి కూర్చునేది కాబట్టి, పరీక్షల్లో ప్రతివాడికీ ఎడమ పక్కవాడి కాగితం కళ్ళ ముందే ఉండేది. వరుసలో ఎడమ చివర కూర్చున్నవాడు ఏ తప్పు రాస్తే వరుసంతా అదే తప్పు. ఏ పిల్లవాడు ఏ వరుసలో కూర్చున్నాడో జవాబు పత్రం చూసి చెప్పేవాడు మా అన్నయ్య.

వదిన సెక్షనుకు పెద్ద అయిన ఏడాదే అన్ని బడులకూ ఒకేసారి కొత్త కుర్చీలు కొనాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎప్పుడూ లేనంత పెద్ద కొనుగోలు. ఆ కాగితం మీద ఆవిడ సంతకం పెడితే, ఇప్పుడు పాలు తాగుతున్న పిల్లలు కూడా పెద్దయ్యి ఆ వంకర మీదే కూర్చుంటారు. అప్పటికి ఆవిడకు వంకర సంగతి తెలియదు. తెలియజేసింది ఒక వెల్డరు.

ఆయనకు బస్టాండు వెనక చిన్న షాపు. టెండరు వేసిన ప్రతిసారీ కుర్చీలు వాపసు వచ్చేవి. వాపసు వచ్చినవి షాపు ముందు వరుసగా వేసేవాడు. బస్సు కోసం ఎదురుచూసే జనం హాయిగా కూర్చునేవారు. ఆయన ఒకరోజు ఆఫీసుకు వచ్చి వదిన బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నా కుర్చీలు తీసుకోమని అడగడానికి రాలేదు. తప్పేంటో ఒక్క మాట చెప్పండి. సరిచేసుకుంటాను."

"కాగితంలో రాసే ఉంటారు కదా?"

"'నమూనాకు సరిపోలేదు' అని రాశారమ్మా. ఎక్కడ సరిపోలేదు? అడిగితే ముద్ర ఉంది, ముట్టుకోవద్దంటారు. మా ఆవిడైనా నాలో తప్పేంటో విడమరిచి చెబుతుంది."

వదిన లేచి, సంచి తీసుకుని, నమూనాల గదికి వెళ్ళి, తాడు దాటి లోపలికి అడుగుపెట్టింది. కాపలా ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ కుర్చీని ముట్టుకోలేదు. నేల మీద కూర్చుని వెనక నుంచి టేపు పట్టింది. తర్వాత వెల్డరు షాపుకు వెళ్ళి, బస్సు కోసం కూర్చున్న ఒకావిడను లేపి, ఆ కుర్చీకీ పట్టింది. తిరిగొచ్చి వెల్డరుతో ఒకే మాట చెప్పింది: "ఇక మీదట కారణం చెప్పకుండా మీ కుర్చీ తిప్పి పంపను. కుర్చీ తీసుకుంటానని మాత్రం అనడం లేదు, గుర్తుంచుకోండి."

అక్కడి నుంచి తిన్నగా డైరెక్టరు గారి గదికి.

"సార్, మన నమూనా కుర్చీ వంకరగా ఉంది."

డైరెక్టరు గారు ఫైలు మీంచి తలెత్తలేదు. "ముద్ర ఉందా?"

"ఉంది సార్."

"మరి వంకరెలా అవుతుంది?"

"ముద్ర దారానికి వేశారు సార్. వంగింది కాలు."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చెడ్డవాడు కాదు. రిటైరయ్యే దాకా ఏ గాలీ తగలకుండా ఉంటే చాలనుకునే మనిషి.

"చూడమ్మా. నమూనా తప్పంటే ఇన్నేళ్ళు కొన్నవన్నీ తప్పు. కొన్నవి తప్పంటే సంతకాలు పెట్టినవాళ్ళు తప్పు. వాళ్ళలో నేనున్నాను. నా ముందున్నాయన ఉన్నాడు. అదిగో, ఆయన ఫొటో నా నెత్తి మీదే వేలాడుతోంది. ఇప్పుడు ఎవర్ని దింపమంటారు?"

"ఎవర్నీ దింపక్కర్లేదు సార్. కుర్చీని దించండి, చాలు."

"పోనీ ఒక పని చెయ్యండి. 'నమూనాలాంటిది, లేదా దానికి సమానమైనది' అని రాయండి. అందరికీ తలుపు తెరిచినట్టుంటుంది."

"వంకరకి సమానమైనది ఇంకో వంకరే కదండీ."

"అంటే సంతకం పెట్టరా?"

"దీని మీద పెట్టను సార్. వేరేది రాసి తెస్తాను, దాని మీద పెడతాను."

"పాత సామాన్ల యార్డులో ఇన్‌చార్జి పోస్టు ఖాళీగా ఉంది. మీకు తెలుసనుకుంటాను," అన్నారు ఆయన చాలా మర్యాదగా.

ఆ యార్డు ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. రేకుల షెడ్డు కింద విరిగిన బల్లలు, మోగని గంటలు, తలుపుల్లేని బీరువాలు. అక్కడికి బదిలీ అయినవాళ్ళు కూడా ఆ సామాన్ల లెక్కలోకే వెళ్ళేవారని ఆఫీసులో చెప్పుకునేవారు.

వదిన రాసి తెచ్చింది. ఆ కాగితం నేను చూశాను. అందులో రంగు లేదు, గొట్టం మందం లేదు, ఏ కంపెనీ గుర్తూ లేదు. కూర్చున్న పిల్లకు రెండు పాదాలూ నేలకు ఆనాలి, అందుకని మూడు ఎత్తులు. చదును నేల మీద ఊగకూడదు. పలక మీద పెట్టిన పెన్సిలు పెట్టినచోటే ఉండాలి. పిల్లలు ఎలాగూ వెనక రెండు కాళ్ళ మీద నిలబెట్టి ఊగుతారు కాబట్టి దానికి తట్టుకోవాలి. కర్రతో చేస్తారో ఇనుముతో చేస్తారో చేసేవాళ్ళ ఇష్టం. పరీక్ష అందరి ఎదుట, కుర్చీల మీద పేర్లు లేకుండా, అంకెలతో. ఓడిపోయిన ప్రతివారికీ ఎందుకు ఓడిపోయారో అక్కడికక్కడే చెప్పాలి. ఒకసారి సరిచేసుకుని రావడానికి అందరికీ ఒకే గడువు. అందులో లేని ఏ కారణంతోనూ ఎవరి కుర్చీనీ తిప్పి పంపకూడదు.

డైరెక్టరు గారు ఆ కాగితాన్ని టీ కప్పు కింద పెట్టుకున్నారు.

ఆ ఆదివారం కుర్చీల షావుకారు మా ఇంటికొచ్చాడు. వెనక బండి మీద మెత్త వేసిన కుర్చీ.

"మాస్టారికి నడుం నొప్పని విన్నానమ్మా. ఏదో అభిమానం కొద్దీ," అన్నాడు.

అన్నయ్యకు నడుం నొప్పి లేదు. కానీ ఆ మెత్త చూడగానే వచ్చినట్టే కనిపించాడు. వదిన కుర్చీని తిరగేసి టేపు పెట్టింది.

"దీని ఎడమ కాలు తిన్నగా ఉందే!"

"ఇంటికిచ్చేది కదమ్మా," అన్నాడు షావుకారు.

వదిన నవ్వాపుకోలేకపోయింది. ఆయనా నవ్వాడు. తర్వాత తుండుతో మొహం తుడుచుకుని అన్నాడు: "నన్ను దొంగని చెయ్యకండమ్మా. వంకర చెయ్యడమే నాకు కష్టం. ప్రతి కాలూ విడిగా వంచాలి. మీవాళ్ళు వంకర అడిగారు, ఇచ్చాను. తిన్నగా అడగండి, ఇస్తాను. కాకపోతే అందర్నీ ఒకేలా అడగండి. నా మీద కోపంతో ఇంకో మెలిక పెట్టకండి."

"అది మీరు చెప్పక్కర్లేదు. ఈ కుర్చీ మాత్రం మళ్ళీ బండెక్కించండి."

బండి సందు తిరిగేదాకా అన్నయ్య ఆ మెత్తవైపే చూస్తూ నిలబడ్డాడు.

షావుకారు ఊరికే భయపడలేదు. మర్నాడే ఆఫీసులో కళ్ళజోడు గుమాస్తా ఒకాయన వదిన బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. ఆయన మొదట్నుంచీ ఆవిడ పక్షమే.

"మేడం, ఒక్క చిన్న మాట కలపండి. 'కాళ్ళు గుండ్రటి గొట్టంతోనే ఉండాలి' అని. షావుకారు దగ్గరున్నవన్నీ నలుచదరం గొట్టాల మిషన్లు. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు. పీడ విరగడైపోతుంది."

"గుండ్రటి కాళ్ళయితే పిల్లలకి లెక్కలు బాగా వస్తాయా?"

"లెక్కలేమిటి మేడం?"

"పోనీ కుర్చీ ఎక్కువ కాలం ఆగుతుందా?"

"అదేం లేదు. ఆయన రాకుండా ఉంటాడు."

"బస్టాండు వెనక వెల్డరు ఇన్నేళ్ళు రాకుండా ఉన్నది ఎలా అనుకున్నావ్? ఇలాగే. ఎవడో చెప్పకుండా ఒక మాట కలిపాడు."

"ఇన్నేళ్ళు తిన్నాడు మేడం ఆయన!"

"ఒక్కణ్ణి ఆపడానికి కుర్చీని వంచితే, నాకూ ఆ ఫొటోలో కూర్చున్నాయనకీ తేడా ఏముంది? నేను కాస్త సన్నంగా ఉంటాను, అంతే కదా? వెళ్ళి పని చూసుకో."

గుమాస్తా మొహం మాడ్చుకుని వెళ్ళాడు. దాంతో ఆ ఆఫీసులో ఆవిడకు ఉన్న ఒక్క మనిషీ పోయాడు. పైవాళ్ళకు ఆవిడ మొండిది. కిందవాళ్ళకు షావుకారు మనిషి. వారం తిరక్కుండా బదిలీ కాగితం వచ్చింది. ఆవిడ సీట్లోకి వచ్చిన కొత్త ఇన్‌చార్జి పాత కాగితం మీద, 'నమూనాకు అచ్చంగా సరిపోవాలి' అన్నదాని మీద, సంతకం పెట్టడానికి కలం మూత తీశాడు.

"ఏమిటే ఈ మొండితనం?" అన్నాడు అన్నయ్య. "రెండు బస్సులు మారాలి. దార్లో నిలబడ్డానికి నీడ కూడా లేదు."

"మీ వానకోటు ఇవ్వండి," అంది వదిన.

ఆవిడ యార్డులో చేరిన మొదటి రోజు అక్కడి రూల్సు పుస్తకం దుమ్ము దులిపి చదివింది. అంతకుముందు ఎవరూ చదవలేదు. అక్కడికి వచ్చినవాళ్ళు చదివే మూడ్‌లో ఉండేవారు కాదు. అందులో యార్డు ఇన్‌చార్జి పని ఏమిటో మొదటి పేజీలోనే ఉంది: ఏ ఆఫీసులోనైనా సరే, కాలు వంగినవి, విరిగినవి, వాడడానికి పనికిరానివి కనిపిస్తే, రసీదు ఇచ్చి యార్డుకు తరలించాలి. ఇన్నాళ్ళూ అక్కడివాళ్ళు సామాను తనంతట తానే నడిచి రావాలని ఎదురుచూస్తూ కూర్చున్నారు. తరలించాలని అన్నారే గానీ, పిలిచేదాకా ఆగమని ఎక్కడా లేదు.

మర్నాడు ఉదయం వదిన ఆఫీసుకు వెళ్ళింది. పక్కన యార్డు తోపుడు బండి, తోయడానికి అక్కడి బండి పెద్దాయన. నడవాలో బండి చక్రాలు కీచుమంటుంటే బల్లల దగ్గర తలలన్నీ లేచాయి. నమూనాల గది కాపలా ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, ముద్ర ఉందమ్మా!"

"ముద్ర నాకొద్దు, ఊడబీకి నువ్వే దాచుకో. ఆ వెనక కాలు ఎలా ఉందో చెప్పు."

ఆయన తొంగి చూశాడు. జీవితంలో మొదటిసారి వెనక నుంచి చూశాడు పాపం. "వంగిందమ్మా."

"నేను యార్డు ఇన్‌చార్జిని. కాలు వంగిన కుర్చీ. ఇదిగో రసీదు. పెద్దాయనా, ఎత్తు."

"అమ్మా, నా ఉద్యోగం..."

"నీ చేతిలో రసీదుంది. ఇన్నేళ్ళలో ఈ గదిలో నీకెవరైనా ఏదైనా రాసిచ్చారా?"

కుర్చీ బండెక్కింది. చట్రాన్ని కూడా వేయించింది. కుర్చీ లేని చట్రం ఎవరికీ పనికిరాదు కాబట్టి అదీ రూలు ప్రకారమే. అది చూసి కొత్త ఇన్‌చార్జి కలం మూత మళ్ళీ పెట్టేశాడు. నమూనా లేకుండా 'నమూనాకు సరిపోవాలి' అని సంతకం పెట్టేంత అమాయకుడు కాదు ఆయన.

మధ్యాహ్నానికి డైరెక్టరు గారి కారు యార్డు గేటు ముందు ఆగింది. ఆయన బురదలో జాగ్రత్తగా అడుగులు వేస్తూ షెడ్డు కిందికి వచ్చారు.

"అది ఇచ్చెయ్యండమ్మా. తమాషా చాలు."

"తప్పకుండా సార్. యార్డులోకి వచ్చింది తిరిగి బయటికి పోవాలంటే, వాడడానికి పనికొస్తుందని ఒకరు సంతకం పెట్టాలి. నేను పెట్టలేను. మీరు పెట్టండి."

"ఇవ్వండి, పెడతాను."

"కూర్చుని చూసి పెట్టాలి సార్. కూర్చోకుండా కుర్చీ పనికొస్తుందని ఎలా రాస్తారు?"

బండి పెద్దాయన, ఇంకో ఇద్దరు పనివాళ్ళు అప్పుడే చాలా పనున్నట్టు పక్కనున్న బీరువాలు తుడవడం మొదలుపెట్టారు. డైరెక్టరు గారు చుట్టూ చూశారు. ఆ కుర్చీ పేరు చెప్పి ఆయన ఎన్నేళ్ళుగా సంతకాలు పెడుతున్నారో, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదు. కూర్చున్నారు. కాగితం పలక మీద పెట్టుకున్నారు. కలం పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకున్నారు. కలం దొర్లి కింద పడింది.

తీసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది.



డైరెక్టరు గారు మూడోసారి కలం తీసుకుని జేబులో పెట్టుకున్నారు. ఎడమకు ఒరిగి కూర్చునే, "మా మనవరాలు పెన్సిలు నోట్లో పెట్టుకుంటుందని రోజూ తిడతాం," అన్నారు. లేచి ప్యాంటు దులుపుకున్నారు. "మీ కాగితం ఎక్కడుంది?"

"మీ టీ కప్పు కింద సార్."

పరీక్ష ఒక బడి ఆవరణలో పెట్టారు. కుర్చీల మీద అంకెలు మాత్రమే. విరామం గంట కొట్టి పిల్లల్ని వదిలారు. కూర్చున్నారు, ఎక్కారు, వెనక్కి వాల్చి ఊగారు, ఒకణ్ణి కూర్చోబెట్టి నలుగురు ఈడ్చారు. ఏ ఇంజనీరూ అంత శ్రద్ధగా పరీక్షించలేడు. గంట అయ్యేసరికి సగం కుర్చీలు కుంటుతున్నాయి. నిలబడ్డవాటిలో ఒకటి తిరగేసి అంకె చూస్తే, షావుకారుది. తిన్నగా, చక్కగా ఉంది. కళ్ళజోడు గుమాస్తా నేలకేసి చూశాడు. ఒరిగిపోయినవాటిలో ఒకటి వెల్డరుది.

వదినకు ఆ రోజు అక్కడ అధికారం లేదు. విరిగినవి తీసుకెళ్ళడానికి బండితో వచ్చింది, అంతే. అయినా మోకాళ్ళ మీద కూర్చుని ఆ కుర్చీని తిరగేసింది.

"ఇటు చూడండి. వెనక కాలు, కూర్చునే పలక కలిసేచోట. వెల్డింగు పైపైనే ఉంది. వాల్చి ఊగితే బరువంతా ఇక్కడే పడుతుంది. అతుకు విడిపోయింది."

వెల్డరు వంగి చూశాడు. వేలు పెట్టి తడిమాడు.

"ఇదా అమ్మా! ఇది చెప్పడానికా ఇన్నేళ్ళు పట్టింది? ఒక అడ్డబద్ద వేస్తే పోతుంది!"

"గడువుంది. వేసుకు రండి. అందరితో పాటే."

వేసుకుని వచ్చాడు. ఈసారి నిలబడింది. కొన్ని బడులకు ఆయన కుర్చీలు, ఎక్కువ బడులకు షావుకారువి, ఒక మూల బడులకు ఎవరో వడ్రంగులు చేసిన కర్ర కుర్చీలు వెళ్ళాయి. షావుకారుకు వచ్చిందని గొణిగినవాళ్ళు చాలామంది. ఆవిడ గెలిచిందని వాళ్ళెవరూ ఒప్పుకోలేదు. ఆవిడను పాత సీటుకు ఎవరూ తిరిగి పిలవలేదు. ఆవిడ అడగనూ లేదు. యార్డులోనే రిటైరైంది. వెళ్ళేనాటికి నమూనాల గదిలో ఏ వస్తువునైనా నాలుగు వైపుల నుంచీ ఎవరైనా చూడొచ్చు, ముట్టుకోవచ్చు. తాడును కాపలా ఆయన ఇంటికి తీసుకెళ్ళి బట్టలు ఆరేసుకున్నాడట.

ఇదంతా రాసి, తప్పులుంటే చెప్పమని నిన్న వదినకు చదివి వినిపించాను. ఆవిడ వరండాలో కూర్చుని వింది. కూర్చున్నది రాత పలక ఉన్న పాత ఇనుప కుర్చీ. దాని వెనక ఎడమ కాలు కింద మడత పెట్టిన అట్టముక్క ఉంది. ఆవిడ వెనక మేకుకు రంగు వెలిసిన వానకోటు వేలాడుతోంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అయిందా?" అంది.

"అయింది వదినా. ఎక్కడైనా తప్పుందా?"

"ఎక్కడైనా ఏమిటయ్యా, మొత్తం! ఒక్క ముక్క నిజం లేదు. నేనెప్పుడూ యార్డులో పనిచెయ్యలేదు. ఏ కుర్చీనీ ఎక్కడి నుంచీ తీసుకురాలేదు. డైరెక్టరు గారు ఏనాడూ బురదలో అడుగుపెట్టలేదు. ఇదిగో, ఈ కుర్చీ బజార్లో కొన్నది. నేల వంకర. మీ అన్నయ్య కూడా ఆ రోజు గొడుగే కొనుక్కొచ్చాడు."